చర్మానికి చికాకా, మంటా?

సందేహం: మాది పరకాల. పత్తికి కొట్టే మందుల్లో కలిపే జిగురు మందు గురించి రైతులకు కరపత్రం రాస్తున్నాను. అది నాన్-అయానిక్ సర్ఫెక్టెంట్, అంటే మందును ఆకు మీద పరుచుకునేలా చేసే రసాయనం. డబ్బా మీద ‘చర్మమునకు, కండ్లకు చికాకు కలిగించును’ అని ఉంది. అలాగే రాయవచ్చా?

సమాధానం: రాయకండి. చికాకు పడేది మనిషి, కన్ను కాదు. ‘పొద్దున్నుంచీ చికాకుగా ఉంది’ అంటాం, ‘చికాకు పెట్టకురా’ అని పిల్లల్ని కసురుతాం. రెండుచోట్లా అది మనసుకు సంబంధించిందే. ఒంటి బాధకు మనకు వేరే మాటలున్నాయి. కన్ను మండుతుంది. చర్మం ఎర్రబడుతుంది, దురద పెడుతుంది. మీ వైపు మాటలోనే ‘కండ్లు మండుతయి’ అని రాసినా నాకు అభ్యంతరం లేదు. ‘చికాకు’ అని చదివిన రైతు అదేదో కాసేపటి విసుగనుకుని కళ్లద్దాలు పెట్టుకోడు.

ఇంకో మాట. నాన్-అయానిక్ అంటే నీళ్లలో కలిసినా ఆ అణువులకు విద్యుదావేశం ఉండదని మాత్రమే అర్థం, హాని లేదని కాదు. ఆవేశం లేదు కాబట్టే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న బోరు నీళ్లలో సబ్బులా విరిగిపోదు. నీటి తలతన్యత (నీటిని బొట్టు కట్టించే పైపొర బిగువు) మీటరుకు 72 మిల్లీన్యూటన్లు ఉంటే, ఇది దాన్ని 30 దరిదాపులకు దించుతుంది. అందుకే మైనం పూత ఉన్న ఆకు మీద బొట్టు కట్టి జారిపోయే మందు పలుచగా పరుచుకుంటుంది. చెయ్యి మీద పడినా దాని గుణం అదే. చర్మంలోని నూనెను లాగేస్తుంది, పదేపదే తగిలితే చర్మం పొడిబారి పగులుతుంది. కాబట్టి ‘రబ్బరు గ్లౌజులు తొడుక్కోండి’ అన్న మాట కారణంతో సహా రాయండి.

డబ్బాల మీద కనిపించే ‘వాంతిని ప్రేరేపించరాదు’ కూడా పనికిరాదు. ‘మింగితే వాంతి చేయించొద్దు, నురగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, డబ్బా పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి’ అనండి. కంట్లో పడితే రెప్పలు తెరిచి 15 నిమిషాలు మంచినీళ్లతో కడగాలి. ఒలికితే నేల జారుతుంది, ఇసుక పోసి ఎత్తాలి. నీళ్లు కొట్టి చెరువు వైపు తోలొద్దు, చేపలకు ముప్పు. ‘కలుషిత దుస్తులు’ బదులు ‘మందు పడ్డ బట్టలు’ అని రాస్తే ఏ బట్టలు విడిచి వేరుగా ఉతకాలో అడగకుండానే తెలుస్తుంది.