వెంట్రుకవాసి: ఒక బుష్షు డ్రాయింగు, ఒక పాత మాట

సందేహం: పలాసలో మాది చిన్న జీడిపప్పు మిల్లు. పాత మెషీన్‌లో ఒక బుష్షు (షాఫ్టు, అంటే ఇరుసు, తిరిగే గొట్టంలాంటి ముక్క) అరిగిపోయింది, విడిభాగం ఎక్కడా దొరకడం లేదు. శ్రీకాకుళంలో లేత్ మేస్త్రీని అడిగితే డ్రాయింగు తెమ్మన్నాడు. గీసి, పక్కన వివరాలు తెలుగులో రాశాను. టాలరెన్స్‌కు ఫోన్ ‘సహనం’ అని చూపించింది, అదే పెట్టాను. ‘బుష్షుకి సహనమేటి బాబూ, వెంట్రుకవాసి వదులుండాలని రాయండి’ అన్నాడు మేస్త్రీ. ఏది సరి? అసలు ఈ వాసి ఏమిటి? (ఒక పాఠకుడు, పలాస)

సమాధానం: మేస్త్రీ నోట వచ్చిందే తెలుగు. సహనం మనుషుల గుణం. డ్రాయింగులో టాలరెన్స్ అంటే ఓర్పు కాదు, రాసిన కొలత ఎంతవరకు పెరగొచ్చు, ఎంతవరకు తగ్గొచ్చు అనే హద్దు. ఇంగ్లీషు మాట కనబడగానే నిఘంటువులో మొదటి అర్థం తీసి అతికించడం ఈమధ్య మరీ ఎక్కువైంది. ఫోన్‌ను తిట్టి లాభం లేదు. మనం రాసి పెట్టిందే అది మనకు తిరిగి వడ్డిస్తోంది.

వాసి సంగతి అడిగారు కనుక కాస్త తీరుబడిగా చెప్పనివ్వండి. ఈ మాటంటే నాకు ప్రాణం. ముందుగా, నగరవాసి, గ్రామవాసి అనేవాటిలోని వాసి ఇది కాదు. అది సంస్కృతం, ఉండేవాడని అర్థం. సంస్కృతంలోనే ఇంకొకటి ఉంది, వాశీ అని. అది వడ్రంగి బాడిస. ఋగ్వేదం ఎనిమిదో మండలంలో ఒక దేవుడు చేత లోహపు వాశీ పట్టుకుని కనబడతాడు. ఆయనను దేవశిల్పి త్వష్టగా గుర్తిస్తారు. పనిముట్టు కదా అని దాన్ని మన వెంట్రుకవాసికి ముడిపెట్టాలని మనసు లాగుతుంది కానీ, దానికి ఆధారం లేదు.

మన వాసి దక్షిణాది మాట. తమిళంలో దీనికి తేడా అనే అర్థం ఉంది. కన్నడంలో జబ్బు తగ్గితే ‘వాసి ఆయితు’ అంటారు, ‘అరెవాసి’ అంటే సగం వంతు. తెలుగులో ‘అంతకన్నా ఇదే వాసి’ అన్నప్పుడు నయం, మేలు అని. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మాట నడిచిన దారి నాకు ఇలా తోస్తుంది: మొదట వంతు, తేడా. రెండింటిని పోల్చినప్పుడు మొగ్గు చూపే ఆ తేడా మేలైంది. మేలు గొప్పతనమైంది, గొప్పతనం పేరుప్రతిష్ఠలై ‘వాసికెక్కడం’ వచ్చింది. రాశి కన్నా వాసి ముఖ్యమని మనం అనేటప్పుడు మాట గొప్పతనం మెట్టు మీద ఉంది. వెంట్రుకవాసి అన్నప్పుడు మాత్రం ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది: వెంట్రుకంత తేడా.

దీని జంటమాట వన్నె నడకా ఇలాంటిదే. వర్ణం నుంచి వన్నె, అంటే రంగు. కంసాలి బంగారాన్ని గీటురాయి మీద గీసి రంగు చూసి మేలిమి చెబుతాడు కనుక వన్నె కొలత అయింది. పదారు వన్నెల బంగారం అంటే మేలిమి బంగారం. ఆ తరువాతే వన్నెకెక్కడం. ‘వన్నె, వాసి’ అని కలిపి పలికేవాళ్లలో ఎందరికి ఇవి ఒకప్పుడు కొలతలని తోస్తుందో! పనివాడి చేతిలో పుట్టిన మాటలు సభల్లో సన్మానపత్రాలకు చేరాయి. మీ మేస్త్రీ వాటిలో ఒకదాన్ని మళ్లీ పనిలో పెట్టాడు. జనం నోటి మాట రాతలోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మీ జిల్లా పర్వతాలపేటలోనే.

మరి డ్రాయింగులో వెంట్రుకవాసి అని రాయొచ్చా? నోటి మాటగా బంగారం లాంటి మాట, కాగితం మీద చాలదు. మనిషి వెంట్రుక మందం ఇంచుమించు 0.05 నుంచి 0.1 మి.మీ. దాకా ఉంటుంది. మీ షాఫ్టు 25 మి.మీ.దనుకుందాం. తేలిగ్గా తిరగాల్సిన చోట మామూలుగా వాడే ఒక జోడింపులో రంధ్రం 25.000 నుంచి 25.021 వరకు, షాఫ్టు 24.980 నుంచి 24.993 వరకు ఉంటాయి. మధ్యన వదులు కనీసం 0.007, మహా అయితే 0.041 మి.మీ. అసలు వెంట్రుక అందులో పట్టదు. కాబట్టి అంకె వేయాల్సిందే. షాఫ్టు కూడా అరిగి ఉండొచ్చు, మైక్రోమీటరుతో కొలిచాకే వేయండి.

ఆ అంకెకు తెలుగు పేరు కావాలంటే ‘హెచ్చుతగ్గు’ అనండి, ఎవరికైనా తెలుస్తుంది. ఉత్త ‘వాసి’ అని రాయాలని నాకు ఆశగానే ఉంది. కానీ ‘వాసి 0.02’ అని చూసి ఈనాటి చదువరి నాణ్యత అనుకుంటాడు. లేత్ షెడ్లలో ఆ మాట వాడుకలో నిలిస్తే నిఘంటువులు వెనకాలే వస్తాయి. అంతవరకు ఒప్పని గానీ తప్పని గానీ తేల్చలేను. టాలరెన్స్ అని తెలుగు లిపిలో రాసినా తప్పేమీ లేదు, సహనం కన్నా వెయ్యి రెట్లు వాసి.

వదులు, బిగువు మంచి మాటలు, వాడండి. వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు, హిందీలో సూత్. రెండూ దారాలే. బుష్షు పనికి ఆ కొలత మోటు. నకషా ఇళ్లకూ పొలాలకూ ఉండనివ్వండి, దీన్ని డ్రాయింగు అనే అనండి.

మీరు పంపిన కాగితంలో ‘రంధ్రం యొక్క లోపలి వ్యాసము 25గా ఇవ్వబడినది, సహనము 0.02’ అని ఉంది. ఆ ‘యొక్క’ ఎందుకు? ‘ఇవ్వబడినది’ ఎవరి భాష? ఇచ్చింది మీరే కదా! ఇలా మార్చండి: ‘కొలతలన్నీ మి.మీ.లో. లోపలి వ్యాసం 25, హెచ్చు 0.021, తగ్గు 0. విడిగా చెప్పని చోట హెచ్చుతగ్గు ±0.2. గన్‌మెటల్. అంచుల పదును తీసెయ్యాలి.’