డెంగీకి గజ్జి మాత్రలు వేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా వారికి నాలుగు రోజులుగా జ్వరం. డెంగీ ఎన్‌ఎస్‌1 పరీక్ష పాజిటివ్ వచ్చింది, ప్లేట్‌లెట్లు లక్షా పది వేలు. డెంగీ వైరస్ ప్రోటీన్ కణ కేంద్రకంలోకి వెళ్తుందట, ఐవర్‌మెక్టిన్ వేస్తే ఆగిపోతుందట. మా మరిది ఏదో వీడియో చూసి చెబుతున్నాడు. పిల్లలకి గజ్జి వచ్చినప్పుడు రాసిన ఆ మాత్రలే ఇంట్లో మిగిలాయి. వేయమంటారా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: వేయకండమ్మా. అలాగని మీ మరిది చెప్పింది గాలి కబురేమీ కాదు. సగం నిజం ఉంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

కేంద్రకం చుట్టూ ఉన్న పొరకి సన్నటి రంధ్రాలుంటాయి. చిన్న అణువులు వాటంతటవే వాటిలోంచి వెళ్లిపోతాయి. పెద్ద ప్రోటీన్ లోపలికి పోవాలంటే మాత్రం దానిలో ఓ గుర్తు ఉండాలి, అంటే కొన్ని అమైనో ఆమ్లాల వరుస. రాష్ట్రం దాటే లారీకి పర్మిట్ లాంటిదన్నమాట. ఆ గుర్తున్న దాన్ని ఇంపోర్టిన్ అనే ప్రోటీన్ పట్టుకుని లోపలికి చేరుస్తుంది. బయటికి తేవడానికి ఎక్స్‌పోర్టిన్లు వేరే ఉన్నాయి. ఇవన్నీ మన ప్రోటీన్లే, వైరస్‌లు వాటిని వాడేసుకుంటాయి. ఫ్లూ వైరస్ తన ఆర్‌ఎన్‌ఏకి నకళ్లు తీసుకునేది కేంద్రకంలోనే కాబట్టి దానికి ఈ రాకపోకలు లేకపోతే గడవదు.

డెంగీ అలా కాదు. అది పెరిగేది కేంద్రకం బయట. దాని ఎన్‌ఎస్‌5 ప్రోటీన్ లోపలికి వెళ్తుంటుంది, అదీ అన్ని రకాల్లో ఒకేలా కాదు. డెంగీ నాలుగు రకాల్లో 2, 3 రకాలకి అది ఎక్కువగా కేంద్రకంలో చేరుతుంది, 1, 4 రకాలకి చాలావరకు బయటే ఉండిపోతుంది. అయినా ఆ రెండు రకాలూ మనుషుల్ని మంచాన పడేస్తూనే ఉన్నాయి కదా!

ఐవర్‌మెక్టిన్ ఇంపోర్టిన్‌ని అడ్డుకుంటుందని 2012లోనే ల్యాబ్‌లో చూశారు. 2020లో ఆస్ట్రేలియాలో కరోనా మీదా ల్యాబ్‌లోనే ప్రయత్నించారు. వీడియోల్లో చెప్పనిదేంటంటే, అక్కడ కణాల మీద వాడిన గాఢత మాత్ర మింగితే రక్తంలోకి చేరేదానికి పదుల రెట్లు ఎక్కువ. థాయ్‌లాండ్‌లో డెంగీ రోగులకే మూడు రోజులు ఇచ్చి చూశారు. రక్తంలో ఎన్‌ఎస్‌1 అనే వైరస్ ప్రోటీన్ కాస్త త్వరగా తగ్గింది గానీ రోగికి ఒరిగిందేమీ లేదు. గజ్జికి, నట్టలకి అది మంచి మందే, ఫైలేరియాకి కొన్ని జిల్లాల్లో ఇంటింటికీ పంచే మూడు మందుల్లోనూ ఉంది. ఇప్పుడు వేస్తే వాంతులో, తల తిరగడమో వస్తే అది మాత్ర వల్లో, డెంగీ ముదిరో మాకు తెలియకుండా పోతుంది. నా భయం అదే.

జ్వరానికి పారాసెటమాల్ 650 చాలు, ఆరు గంటలకొకటి మించకుండా. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వద్దు. ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పొడిపించుకోకండి. ఓఆర్‌ఎస్, గంజి, కొబ్బరి నీళ్లు కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. ఒక్క ప్లేట్‌లెట్ల మీదే కళ్లు పెట్టుకోకండి, రిపోర్టులో పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాల శాతం, పెరుగుతోందేమో రోజూ చూపించుకోవాలి.

జ్వరం దిగగానే గండం గడిచిందనుకుంటారు, నిజానికి ఆ తర్వాత ఒకటి రెండు రోజులే జాగ్రత్తగా ఉండాల్సినవి. కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచి రక్తం, నల్లటి విరేచనం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, మగతగా పడి ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రయినా సరే జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్లండి. అక్కడి డాక్టర్లు బరంపురం మెడికల్ కాలేజీకి రాస్తే తెల్లారేదాకా ఆగకుండా 108లో బయల్దేరండి.