కుట్టుపనికి ఇస్త్రీ పెట్టె: ఇక్కడి నుంచి తీసుకెళ్లాలా, అక్కడ కొనుక్కోవాలా?

"అక్కా, వచ్చే నెల డాలస్ వస్తున్నా. అమ్మ పాత చీరలన్నీ దాచిపెట్టింది. వాటితో అక్కడివాళ్ల పద్ధతిలో ముక్కల బొంతలు కుట్టాలని ఉంది. మిషన్ అక్కడే కొనుక్కుంటాను గానీ, మంచి స్టీమ్ ఇస్త్రీ పెట్టె ఒకటి కోఠిలో చూసి తెచ్చుకోమంటావా? బ్లౌజులు కూడా కుట్టుకోవాలి." వనస్థలిపురం నుంచి ఒక చెల్లెలు అడిగింది. ఇదే ప్రశ్న కాస్త అటూ ఇటూగా చాలామంది అడుగుతున్నారు కాబట్టి అందరికీ పనికొచ్చేలా వివరంగా రాస్తున్నాను.

తెచ్చుకోవద్దమ్మా. ఆ బరువుకు బదులు ఇంకో రెండు నేత చీరలు పెట్టుకో. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. అమెరికాలో, కెనడాలో 120. బజార్లో దొరికే చిన్న అడాప్టరు ప్లగ్గు కాళ్ల ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజిని మార్చదు. ఫోన్ చార్జర్లు, ల్యాప్‌టాప్ చార్జర్లు సాధారణంగా రెండు వోల్టేజిలకూ పనికొచ్చేలా తయారవుతాయి. ఇస్త్రీ పెట్టె అలా కాదు. లోపల ఉండేది వట్టి కాయిల్. వోల్టేజి సగమైతే దాని వేడి సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. ఇక్కడ 1000 వాట్లిచ్చే పెట్టె అక్కడ సుమారు 270 వాట్లే ఇస్తుంది. దాంతో నూలు బట్ట ముడత పోదు, పోసిన నీళ్లు ఆవిరి కాకుండా అడుగు నుంచి బట్ట మీద కారతాయి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. అన్ని వాట్లు మోయగల ట్రాన్స్‌ఫార్మర్ చాలా బరువు. దాని ఖరీదుతో అక్కడ కొత్త పెట్టే వస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇదే లెక్క. అమ్మకు కానుకగా అమెరికా పెట్టె తేవద్దు. అక్కడి 1500 వాట్ల పెట్టె మన ప్లగ్గులో 5500 వాట్ల దాకా లాగబోయి కాలిపోతుంది. లండన్‌కో మెల్‌బోర్న్‌కో దుబాయ్‌కో వెళ్లేవాళ్లకు వోల్టేజి బాధ లేదు, ప్లగ్గు ఆకారం ఒక్కటే తేడా. అయినా అక్కడ కొంటేనే మంచిది. చెడిపోతే మార్చి ఇచ్చే దుకాణం దగ్గర్లో ఉంటుంది.

వాట్ల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. అమెరికా ఇళ్లలో పడకగది ప్లగ్గులు ఎక్కువగా 15 ఆంపియర్ల లైను మీద ఉంటాయి. 120 వోల్టుల మీద 15 ఆంపియర్లంటే 1800 వాట్లు, అంతకు మించి ఆ లైను మోయదు. ఇంగ్లండులో ఉన్న స్నేహితురాలు 2400 వాట్ల పెట్టె బాగుందని చెబితే అలాంటిది డాలస్‌లో వెతకొద్దు. 1500, 1800 మధ్యలో ఉన్నది తీసుకో. వాట్లు ఎక్కువుంటే, బట్ట మీద పెట్టి ఎత్తిన ప్రతిసారీ పోయిన వేడి త్వరగా తిరిగి వస్తుంది, ముక్కల పనిలో అది చాలా ముఖ్యం. అదే లైను మీద చలికాలంలో రూమ్ హీటర్ వేసుకుంటే మాత్రం బ్రేకర్ పడిపోతుంది. కుట్టు మిషన్ తీసుకునే కరెంటు చాలా తక్కువ, దాంతో చిక్కు లేదు.

ఇప్పుడు అసలు సంగతి. బొంత పనికి కావలసిన పెట్టె, చొక్కాలకు కావలసిన పెట్టె ఒకటి కాదు. చొక్కా మీద పెట్టెను అటూ ఇటూ లాగుతాం. ముక్కలు కలిపేటప్పుడు అలా లాగకూడదు. పెట్టె ఎత్తి, కుట్టు మీద దింపి, రెండు మూడు సెకన్లు అదిమి, మళ్లీ ఎత్తి పక్కన దింపాలి. క్విల్ట్‌లో, అంటే అక్కడి ముక్కల బొంతలో, ప్రతి కుట్టుకూ మార్జిన్ పావు అంగుళమే. త్రికోణం ముక్క కోశామంటే దాని ఏటవాలు అంచు క్రాస్ మీద, అంటే నేత పోగులకు ఏటవాలుగా, పడుతుంది. క్రాస్ ఎలా సాగుతుందో బ్లౌజు కుట్టే చేతికి చెప్పక్కర్లేదు. వేడి, తడి, రాపిడి మూడూ కలిస్తే ఆ సాగుడు అలాగే ఉండిపోతుంది. ముక్కలు కలిపిన ఒక్కో చదరంలో నూలుపోగంత తేడా వచ్చినా, పది వరుసలు కలిపేసరికి మూలలు మూలలకు అందవు. కుట్టు వంకరపోయిందని మిషన్‌ను తిడతాం, తప్పు చాలాసార్లు ఇస్త్రీ దగ్గరే జరిగి ఉంటుంది.

అందుకని స్టీమ్ గురించి నా మాట ఇది. ముక్కలు కలుపుతున్నంతసేపూ పొడి వేడి, చదరం పూర్తయ్యాక ఆవిరి. అన్ని దశల్లోనూ స్టీమ్ వాడే మంచి క్విల్టర్లు కూడా ఉన్నారు. చేయి కుదిరినవాళ్లకు అది నడుస్తుంది, కొత్తవాళ్లకు వద్దు. కాబట్టి డబ్బా మీద నిమిషానికి ఇన్ని గ్రాముల ఆవిరి అని రాసిన అంకె చూసి మురిసిపోకు. స్టీమ్‌ను పూర్తిగా ఆపే మీట ఉందా, ఆపాక ఒక్క చుక్కైనా కారకుండా ఉంటుందా అన్నది ముందు చూడు. ఈ ఒక్క పరీక్షలో నెగ్గిన 40 డాలర్ల పెట్టె, ఓడిన 150 డాలర్ల పెట్టె కంటే నీకు ఎక్కువ పనికొస్తుంది.

అడుగు స్టీలుదైనా సిరామిక్‌దైనా పెద్ద తేడా లేదు. ముక్కు సన్నగా ఉండాలి, పావు అంగుళం కుట్టును విప్పి పరచడానికి అది కావాలి. బరువు విషయంలో రెండు మాటలూ నిజమే. కాస్త బరువున్న పెట్టె చేతి బలం అడగకుండా తనే అదుముతుంది. కానీ ఎత్తి దింపే పని కదా, కిలోన్నర దాటితే సాయంత్రానికి మణికట్టు నొప్పి పుడుతుంది. మన వీధి చివర బండి మీద బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసేవాళ్ల పెట్టె బరువు అయిదారు కిలోలు ఉంటుంది, వాళ్లు దాన్ని ఎత్తరు, జరుపుతారు. మన పని వేరు. దుకాణంలో చేత్తో పట్టుకుని పది పదిహేనుసార్లు ఎత్తి దింపి చూడు. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు చూసుకుని కొను. తీగ ఎనిమిది అడుగులకు తగ్గకుండా ఉంటే మంచిది. తీగ లేని పెట్టెలు కూడా వచ్చాయి, స్టాండు మీద పెట్టినప్పుడు వేడెక్కుతాయి. చిన్న పనికి హాయిగా ఉంటాయి గానీ, పెద్ద బొంత పైభాగం మొత్తం చేస్తుంటే మాటిమాటికీ చల్లారిపోతాయి.

తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు గురించి ముందే తెలుసుకుని కొను. చాలా పెట్టెలు నిలబెట్టి వదిలేస్తే ఎనిమిది, పది నిమిషాల్లో ఆగిపోతాయి, బోర్లా వదిలేస్తే అర నిమిషంలో. నువ్వు నాలుగు కుట్లు వేసి వచ్చేసరికి పెట్టె చల్లబడి ఉంటుంది. అందుకే ఆ గడువు అరగంట దాకా ఉన్నవి, లేదా గడువు మార్చుకునే వీలున్నవి క్విల్టర్లు వెతుక్కుంటారు. ఒలిసో అనే కంపెనీ పెట్టె చేయి తీయగానే చిన్న కాళ్లు దింపుకుని తనే పైకి లేస్తుంది, మాటిమాటికీ నిలబెట్టే పని ఉండదు. ఖరీదు ఎక్కువ, మొదటి బొంతకు అక్కర్లేదు. పసిపిల్లలున్న ఇల్లయితే మాత్రం నేను సుఖం చూడను, గడువు తక్కువున్న పెట్టే కొనమంటాను. అక్కడి ఇళ్లు ఎక్కువగా చెక్కతో కట్టినవి. నిప్పు అంటుకుంటే మన కాంక్రీటు ఇల్లు కాదు.

నీళ్ల విషయంలో హైదరాబాద్ అలవాట్లు రెండు వదిలేయాలి. మొదటిది, ఏ నీళ్లు దొరికితే అవి పెట్టెలో పోసేయడం. బోరు నీళ్లతో కెటిల్ అడుగున తెల్లటి పొర కట్టడం మనకు తెలుసు. అదే పొర పెట్టె రంధ్రాల్లో కట్టి, ఒకరోజు తెల్ల పట్టు మీద గోధుమరంగు మరకై బయటపడుతుంది. టెక్సస్‌లో చాలా ఊళ్ల నీళ్లు కూడా కఠినమే. కొన్ని కంపెనీలు కుళాయి నీళ్లే పోయమంటాయి, మరీ కఠినమైతే సగం డిస్టిల్డ్ వాటర్ కలపమంటాయి. డబ్బాలో వచ్చిన పుస్తకంలో ఏం రాసి ఉంటే అదే చెయ్యి. డిస్టిల్డ్ వాటర్ అక్కడ కిరాణా దుకాణాల్లోనే గాలన్ డబ్బాల్లో దొరుకుతుంది. ఇక రెండో అలవాటు, ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి వాడుకోవడం. అవి శుభ్రంగా కనిపిస్తాయి గానీ ఇస్త్రీ పెట్టెకు వద్దు, కంపెనీలు ప్రత్యేకంగా వద్దని చెబుతాయి. నీటి కఠినత్వం తగ్గించే, ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ నీళ్లూ అంతే. పని అయ్యాక మిగిలిన నీళ్లు పారబోసి పెట్టు.

అమ్మ చీరల దగ్గరికి వస్తాను. నిజానికి నాకు అన్నిటికంటే ఆశగా ఉన్నది ఇదే. పోచంపల్లి ఇక్కత్ ముక్కలు, నారాయణపేట అంచులు, మంగళగిరి నూలు, కలంకారీ ఒకే బొంతలో పడితే ఆ ఇంట్లో పుట్టే పిల్లలకు అమ్మమ్మ చీరలన్నీ ఒక్కచోట దొరుకుతాయి. కానీ ఈ బట్టలన్నిటికీ ఒకే వేడి పనికిరాదు. పెట్టె మీద ఉండే చుక్కలు గుర్తుపెట్టుకో. ఒక చుక్క సుమారు 110 సెల్సియస్ డిగ్రీలు, రెండు 150, మూడు 200. నూలుకు మూడు చుక్కలు, పాలిస్టర్‌కు రెండుకు మించకూడదు, పట్టుకు ఒకటితో మొదలుపెట్టి చూడాలి. తక్కువ వేడి మీద స్టీమ్ మీట నొక్కితే నీళ్లు ఆవిరి కాక చుక్కలుగా పడతాయి, పట్టు మీద ఆ నీటి మచ్చ ఉండిపోతుంది. అందుకే పట్టుకు స్టీమ్ ఆపేసి, పైన పల్చటి నూలు గుడ్డ పరిచి, వెనక వైపు నుంచి అదమాలి.

జరీ ఉన్నచోట ఇంకా జాగ్రత్త. అసలు జరీ వెండి తీగకు బంగారు పూత వేసి పట్టు దారం చుట్టూ చుట్టినది. ఇప్పుడు వచ్చే చాలా చీరల్లో ఉన్నది ప్లాస్టిక్ జరీ, ఎక్కువ వేడి తగిలితే ముడుచుకుపోతుంది. చీర లోపలి కొంగు మూల ముక్క మీద పరీక్షించకుండా అంచు మీద పెట్టె పెట్టొద్దు. పట్టా, ఆర్ట్ సిల్కా అనుమానమొస్తే ఒక్క పోగు లాగి, సింకు దగ్గర వెలిగించి చూడు. పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేసి, నలిపితే పొడి అయ్యే బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఈ పరీక్ష ఇక్కడే అమ్మ దగ్గర కూర్చుని చేసుకుని, మూటలు వేరుగా కట్టుకుంటే అక్కడ తడబాటు ఉండదు. కొత్త నూలు బట్ట జనరల్ బజార్‌లో కొంటే ఇక్కడే ఉతికి ఆరబెట్టి తీసుకెళ్లు. ఉతకని నూలుకు స్టీమ్ తగిలితే ఒక ముక్క కుంచించుకుపోయి, పక్కన ఉన్న పాత చీర ముక్క అలాగే ఉంటుంది. రంగు దిగే కలంకారీని విడిగా ఉతకాలి, తడి తెల్లగుడ్డతో రుద్ది చూశాకే కలపాలి.

పాత పట్టు పల్చబడి ఉంటే వెనక సన్నని పేస్టింగ్ వేయాలి, అక్కడ దాన్ని ఫ్యూజిబుల్ ఇంటర్‌ఫేసింగ్ అంటారు. మన టైలర్లు కాలర్‌కు వేసేదానికంటే చాలా పల్చటిది అడుగు. దీనికి పెట్టె ఒకేచోట పది, పదిహేను సెకన్లు కదలకుండా ఉండాలి, జరిపితే జిగురు జరిగి బట్ట ఉబ్బుతుంది. ఆవిరి రంధ్రాల కింద వేడి సరిగా తగలదు కాబట్టి, పెట్టెను ఎత్తి కొంచెం పక్కకు దింపి రెండోసారి అదుము. మధ్యలో బేకింగ్ కాగితం పెట్టుకుంటే జిగురు అడుగుకు అంటుకోదు.

ఇక్కడి బొటిక్‌లలో నీళ్ల సీసా పైన వేలాడదీసి, గొట్టంతో దిగే పెద్ద స్టీమ్ పెట్టెలు చూసి ఉంటావు. పొద్దంతా బ్లౌజులు కుట్టి అమ్మేవాళ్లకు అవి మంచివే. నీళ్లు పెట్టెలో ఉండవు కాబట్టి చేతికి ఆ బరువు ఉండదు. అపార్ట్‌మెంట్‌లో ఒక మూల కుట్టుకునేవాళ్లకు అది ఎక్కువ. ఆ డబ్బుతో గట్టి బల్ల మీద పరిచే ఉన్ని మ్యాట్ కొను. మామూలు ఇస్త్రీ బోర్డు మెత్తగా, ముక్కు సన్నగా ఉండి చదరాన్ని సరిగా పరచనివ్వదు. ఉన్ని మ్యాట్ వేడిని పట్టుకుని కింది నుంచి కూడా ఇస్తుంది. దాంతోపాటు నున్నగా రుద్దిన చెక్క దిమ్మ ఒకటి. ఆవిరి పట్టగానే కుట్టు మీద పెట్టి చల్లారేదాకా ఉంచితే కుట్టు పలకలా పడుకుంటుంది.

పాతవి అమ్మే థ్రిఫ్ట్ దుకాణాల్లో పెట్టెలు చాలా తక్కువకు దొరుకుతాయి. తీగ మెడ దగ్గర పగుళ్లు లేనివి, దుకాణంలో ప్లగ్గు పెట్టి చూపించినవి మాత్రమే తీసుకో. కొనే ముందు ఆ మోడల్ పేరు అమెరికా కన్స్యూమర్ ప్రోడక్ట్ సేఫ్టీ కమిషన్ వెనక్కి పిలిచిన వస్తువుల జాబితాలో ఉందేమో ఫోన్‌లో వెతుకు. పెద్ద బట్టల దుకాణం జోయాన్ 2025లో మూతపడింది కాబట్టి పాతవాళ్లు ఆ పేరు చెబితే వెతుక్కుంటూ వెళ్లకు. ఊళ్లో చిన్న క్విల్ట్ దుకాణం ఉంటుంది, క్విల్టర్ల సంఘం కూడా ఉంటుంది, గిల్డ్ అంటారు. అక్కడ పెద్దవాళ్లు తమ పెట్టెలు నీ చేతికిచ్చి వాడి చూడమంటారు. మొహమాటపడకుండా వెళ్లు, అమ్మ చీర ముక్క ఒకటి తీసుకెళ్లి చూపించు.

చివరగా ఒక సంగతి. బొంతలో దూది పొర పాలిస్టర్‌దైతే, మూడు పొరలూ కలిపి కుట్టాక దాని మీద వేడి పెట్టె పెట్టకూడదు. లోపల కరిగి అణిగిపోతుంది. పైభాగానికి కావలసిన ఇస్త్రీ అంతా దూది పరచకముందే పూర్తి చేసుకో.