టీవీలో గోల్ఫ్ చూసే అభిమానికి గోల్ఫ్ వీడియో గేమ్ వల్ల ఏమి ఒరుగుతుంది?

ఏళ్ల తరబడి టీవీలో గోల్ఫ్ చూస్తున్నా ఇంతవరకు క్లబ్ చేతబట్టలేదనీ, హైదరాబాదులో మైదానం సభ్యత్వం తాహతుకు మించిన మాట అనీ, వీడియో గేమ్ కొనుక్కుంటే ఆ లోటు తీరుతుందా అనీ మీరు అడిగారు. ఆడిన తృప్తి పూర్తిగా దొరకదు గాని, ఆటను చూసే కన్ను మాత్రం తప్పక మారుతుందని నా అభిప్రాయం. మెహదీపట్నంలోని మా ఇంట్లో, ఎక్కువగా మా బావమరిదితో కలిసి, పీజీఏ టూర్ 2కె23, ఈఏ స్పోర్ట్స్ పీజీఏ టూర్ అనే రెండు గేమ్‌లనూ ఆడుతూ వస్తున్నాను కనుక ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

టీవీ కెమెరా నేల ఎత్తుపల్లాలను దాదాపు మింగేస్తుంది. రంధ్రానికి నాలుగు అడుగుల పక్కకు గురిపెట్టి నిలబడిన ఆటగాణ్ణి చూసినప్పుడు, అంత పక్కకు ఎందుకు కొడుతున్నాడో ఇంట్లో కూర్చున్నవారికి బోధపడదు. గేమ్‌లో గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నని పచ్చిక) మీద గళ్లు పరుచుకుంటాయి, ఆ గళ్ల వెంట చిన్న చిన్న చుక్కలు వాలు ఉన్నవైపు జారుతూ ఉంటాయి. వాలు ఎక్కువైతే చుక్కల వేగమూ పెరుగుతుంది. కొంతకాలం వాటిని గమనిస్తూ ఆడాక, టీవీలో గళ్లు లేకపోయినా వాలు ఎటు ఉందో ఊహించడం అలవాటవుతుంది. టోక్యో ఒలింపిక్స్‌లో 2021 ఆగస్టులో అదితి అశోక్ నాలుగో స్థానం దాకా వెళ్లినప్పుడు మన ఇళ్లలో చాలామంది తొలిసారి గోల్ఫ్ చూశారు. బంతిని తనకన్నా చాలా దూరం కొట్టేవారి మధ్య ఆమెను నిలబెట్టిన బలం పట్టింగే, అంటే గ్రీన్ మీద బంతిని రంధ్రంలోకి దొర్లించే నేర్పే. ఆ బలం విలువ ఎంతటిదో నాకు నిజంగా తెలిసింది గేమ్‌లో ఆరడుగుల పట్‌లు వరుసగా పోగొట్టుకున్న తర్వాతే.

రెండో లాభం, ఆటగాడి నిర్ణయాలు అర్థం కావడం. అమెరికాలో మాస్టర్స్ టోర్నీ జరిగే అగస్టా నేషనల్ మైదానంలోని 12వ హోల్‌నే తీసుకోండి. పొడవు 155 గజాలే; ముందు వాగు, దాని వెనుక అడ్డంగా పరుచుకున్న సన్నని గ్రీన్, చుట్టూ ఎత్తైన పైన్ చెట్ల మధ్య సుడి తిరిగే గాలి. 2019 మాస్టర్స్ చివరి రోజున ఆధిక్యంలో ఉన్న ఇటలీ ఆటగాడు ఫ్రాన్చెస్కో మొలినారి బంతి ఇక్కడే గట్టు మీద పడి వెనక్కి జారి నీళ్లలోకి పోయింది. జెండా కుడివైపు ఉన్నా టైగర్ వుడ్స్ దాని జోలికి పోకుండా, ఎడమగా భద్రమైన చోటికి కొట్టి, రెండు పట్‌లతో పార్ (ఆ హోల్‌కు నిర్ణయించిన మూడు దెబ్బలు) చేసుకుని ముందుకు నడిచాడు. చూస్తున్నప్పుడు అది పిరికితనంలా కనబడవచ్చు. ఈఏ గేమ్‌లో అదే టీ (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద నిలబడి జెండాకు గురిపెట్టి చూడండి. బంతి నాలుగడుగులు తక్కువ పడితే చాలు, వాగు దాన్ని లాక్కుంటుంది. మా బావమరిది ప్రతిసారీ జెండాకే కొడతాడు, ప్రతిసారీ గాలిని తిడతాడు.

అయితే గేమ్‌ను పెట్టెలోంచి తీసినట్టే ఆడితే ఈ లాభం సగమే. మొదట్లో అది బంతి పోయే దారిని గీత గీసి మరీ చూపుతుంది. చేయి కుదిరాక సెట్టింగ్స్‌లో అటువంటి సహాయాలను ఒక్కొక్కటిగా తీసేయండి. కొట్టే పద్ధతిగా కంట్రోలర్ మీది స్టిక్‌నే ఎంచుకోండి: బొటనవేలితో కిందికి లాగి, వంకర పోకుండా ఒకే ఊపున పైకి నెట్టాలి, తొందరపడితే బంతి గురి తప్పుతుంది. పందెం గట్టిగా ఉన్న చివరి హోల్‌లో ఆ వేలికి చెమట పట్టడం నాకు మామూలే. మూడుసార్లు మీట నొక్కి కొట్టే పద్ధతి కూడా 2కె23లో ఉంది గాని, అందులో నాకు ఆ బిగువు కనిపించలేదు.

శరీరం నేర్చుకోవలసినది మాత్రం గేమ్ ఏమీ నేర్పదు. డ్రైవింగ్ రేంజ్‌లో (బంతులు కొట్టి సాధన చేసే చోట) నిజమైన ఐరన్ క్లబ్ చేతికి వచ్చినప్పుడు గేమ్‌లోని ప్రావీణ్యం ఏ కోశానా అక్కరకు రాలేదు. నడుము తిరగాలి, భుజం కుదరాలి, పాదం కింద నేల ఒరిగి ఉంటే దానికి తగ్గట్టు నిలబడాలి. ఆ పని గేమ్‌లో బొటనవేలితో సరిపోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చినది 2కె23లో సొంతంగా కోర్సు, అంటే గోల్ఫ్ మైదానం, కట్టుకునే వీలు. గోల్కొండ నయా ఖిల్లాలో కోట గోడల పక్కన, హతియాన్ ఝాడ్ అనే ఆ బ్రహ్మాండమైన బావొబాబ్ చెట్టు ఉన్న ప్రాంగణంలో గోల్ఫ్ మైదానం ఉందని మీకు తెలిసే ఉంటుంది. ఆ చుట్టుపక్కల నేలను మనసులో పెట్టుకుని మేము బండరాళ్ల మధ్య ఒక కోర్సు కట్టాము. ఇసుక గుంటను ఎక్కడ పెట్టాలని వాదించుకుంటున్నప్పుడే, అది బంతిని పట్టుకోవడానికి మాత్రమే కాదని, టీ మీద నిలబడినవాడిని చాలా దూరం కొట్టే డ్రైవర్ క్లబ్ తీయాలా వద్దా అని తటపటాయింపజేయడానికి కూడా అని తేటపడింది.

ఏది కొనాలంటే, మీరు ప్రధానంగా మాస్టర్స్ వంటి మేజర్ టోర్నీలు చూసేవారైతే అగస్టా, సెయింట్ ఆండ్రూస్ మైదానాలు రెండూ ఉన్న ఈఏ గేమ్ మేలు. కోర్సులు కట్టాలనే సరదా ఉంటే 2కె వరుస మేలు. 2023లో వచ్చిన ఈఏ గేమ్ ప్లేస్టేషన్ 4లో ఆడదు, 2కె23 ఆడుతుంది. కాబట్టి డబ్బు కట్టేముందు ఇంట్లో ఏ యంత్రం ఉందో చూసుకోండి.