ప్లేఆఫ్స్ జోస్యం: లెక్క ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న: అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏను కొన్నేళ్లుగా శ్రద్ధగా చూస్తున్నాను. రెగ్యులర్ సీజన్‌లో ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన జట్టే టైటిల్ గెలుస్తుందని ఊహిస్తాను, కానీ ఆ ఊహ తరచూ తప్పుతోంది. 82 మ్యాచ్‌ల్లో కనిపించిన బలం, ఆ తర్వాత టైటిల్ కోసం జరిగే నాకౌట్ దశ ప్లేఆఫ్స్‌కు వచ్చేసరికి ఏమైపోతోంది?

జవాబు: ఈ విషయంలో మీకు తోడు నేనూ ఉన్నాను. 2025లో ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (లీగ్‌లోని ఈస్ట్, వెస్ట్ అనే రెండు విభాగాల్లో ఒకటి) నుంచి ఫైనల్స్‌కు వెళ్లేది క్లీవ్‌ల్యాండ్ కావలియర్సేనని గట్టిగా నమ్మాను. ఆ జట్టు సీజన్‌లో 64 మ్యాచ్‌లు గెలిచి ఈస్ట్‌లో అగ్రస్థానంలో నిలిచింది. రెండో రౌండ్‌లో ఎదురైన ఇండియానా పేసర్స్‌వి 50 విజయాలే. అయినా ఆ సిరీస్‌ను 4-1తో గెలుచుకున్నది ఇండియానాయే. మొదటి రెండు మ్యాచ్‌లనూ క్లీవ్‌ల్యాండ్ తన సొంత గడ్డపైనే పోగొట్టుకుంది. గాయాలు ఆ జట్టును దెబ్బతీశాయన్నది నిజమే అయినా, ఓటమికి కారణం అదొక్కటే అనుకుంటే అసలు విషయం మన చేతికి చిక్కదు.

రెగ్యులర్ సీజన్‌లో ఒక జట్టు ఈ రోజు ఒక ఊళ్లో ఆడి, రాత్రికి రాత్రే విమానమెక్కి, మర్నాడు మరో ఊళ్లో వేరే జట్టుతో తలపడుతుంది. ప్రత్యర్థిని లోతుగా చదివే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి, తన ఆట తాను చక్కగా ఆడుకునే జట్టుకు విజయాలు వరుసగా వచ్చి పడతాయి. ప్లేఆఫ్స్‌లో అలా కాదు. ఎవరో ఒకరు నాలుగు గెలిచేదాకా ఒకే ప్రత్యర్థితో ఏడు మ్యాచ్‌ల దాకా ఆడాలి. మధ్యలో విశ్రాంతి దొరుకుతుంది. కోచ్‌లు ప్రతి ఆటగాడి బలహీనతనూ వీడియోల్లో వెతికి పట్టుకుంటారు. డిఫెన్స్‌లో ఒక్కడు తేలిపోతున్నాడంటే చాలు, మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నట్లు ప్రతిసారీ స్క్రీన్ పెట్టించి (డిఫెండర్ దారికి తమవాణ్ణి అడ్డంగా నిలబెట్టి), స్విచ్ చేయించి (ఎవరు ఎవరిని కాయాలో మారిపోయేలా చేసి), బంతి పట్టుకున్న తమ మేటి ఆటగాడి ఎదుటికి అతణ్ణే లాక్కొస్తారు. అతణ్ణి బెంచ్ మీద కూర్చోబెడదామంటే అతని షూటింగ్ పోతుంది, ఆడిద్దామంటే డిఫెన్స్ కూలిపోతుంది. జనవరిలో ఎవరికీ పట్టని ఈ చిక్కు మే నెలలో సిరీస్‌నే మింగేస్తుంది.

అందుకే జట్టులో మేటి ఆటగాడు ఎంత గొప్పవాడో చూడడం కంటే, మ్యాచ్ చివరి ఐదు నిమిషాల్లో కోర్టులో ఉండే ఐదుగురిలో అందరికంటే బలహీనుడు ఎవరో చూడడం మేలని నా అభిప్రాయం. 2025 విజేత ఓక్లహోమా సిటీ థండర్‌లో అలాంటి మెత్తని చోటు దాదాపుగా కనిపించలేదు. డెన్వర్ నగ్గెట్స్‌తో ఏడో మ్యాచ్ దాకా సాగిన రెండో రౌండ్ సిరీస్‌నే తీసుకోండి. డెన్వర్ సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడగరి) నికోలా యోకిచ్‌ను అడ్డుకునే పనిని ఆ చివరి మ్యాచ్‌లో అతనికంటే అరడుగు పొట్టి అయిన గార్డ్ (బుట్టకు దూరంగా ఆడే ఆటగాడు) అలెక్స్ కరూసోకు అప్పగించారు. వినడానికి వింతగానే ఉంటుంది. ఓక్లహోమా మాత్రం 125-93తో గెలిచింది. ఒక గార్డ్‌ను సెంటర్ మీదికి పంపి కూడా వెనక ఖాళీలు లేకుండా కాచుకోగల జట్టును ఏడు మ్యాచ్‌ల్లో నాలుగుసార్లు ఓడించడం ఎవరికైనా కష్టమే.

మీ లెక్కను పూర్తిగా కొట్టిపారేయమని మాత్రం చెప్పను. ఓక్లహోమా 68 విజయాలతో లీగ్ మొత్తానికీ అగ్రస్థానంలో నిలిచిన జట్టే కదా. ఆరో సీడ్ (కాన్ఫరెన్స్‌లో ఆరో స్థానం) కంటే దిగువ నుంచి వచ్చి టైటిల్ గెలిచిన జట్టు ఇంతవరకు లేదు; ఆ ఆరో సీడ్ ఘనత 1995 నాటి హ్యూస్టన్ రాకెట్స్‌ది. 2023లో మయామీ హీట్ ఎనిమిదో సీడ్‌గా వచ్చి, 58 విజయాల మిల్వాకీ బక్స్‌ను మొదటి రౌండ్‌లోనే ఇంటికి పంపి ఫైనల్స్ దాకా వెళ్లింది కానీ, అక్కడ డెన్వర్ చేతిలో 4-1తో ఓడింది.

ప్రశ్న: మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడిన జట్టు మీద ఆశ పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. ఎన్‌బీఏ చరిత్రలో 0-3 నుంచి లేచి సిరీస్ గెలిచిన జట్టు ఒక్కటీ లేదు. ఏడో మ్యాచ్ దాకా లాగినవి నాలుగే: 1951లో న్యూయార్క్, 1994లో డెన్వర్, 2003లో పోర్ట్‌లాండ్, 2023లో బోస్టన్. నాలుగూ ఆ ఏడో మ్యాచ్‌లో ఓడాయి. 1-3 సంగతి వేరు. డెన్వర్ 2020లో ఒకే ప్లేఆఫ్స్‌లో రెండుసార్లు అక్కడి నుంచి పైకి వచ్చింది. 2016 ఫైనల్స్‌లో, సీజన్‌లో 73 మ్యాచ్‌లు గెలిచిన గోల్డెన్ స్టేట్ వారియర్స్‌ను క్లీవ్‌ల్యాండ్ అలాగే ఓడించింది.

ప్రశ్న: 2026 టైటిల్ ఎవరిదని మీ అంచనా? ఓక్లహోమా మళ్లీ గెలుస్తుందా?

జవాబు: ఇది 2025-26 సీజన్ మొదలు కాకముందు వేసిన అంచనా కనుక, దీన్ని ఒక అభిమాని మాటగానే తీసుకోండి. 2019 నుంచి 2025 వరకు ఏడు సీజన్లలో ఏడు వేర్వేరు జట్లు గెలిచాయి: టొరంటో, లాస్ ఏంజిలిస్ లేకర్స్, మిల్వాకీ, గోల్డెన్ స్టేట్, డెన్వర్, బోస్టన్, ఓక్లహోమా. 2025 వరకు చూస్తే, వరుసగా రెండేళ్లు టైటిల్ గెలిచిన చివరి జట్టు 2017, 2018ల గోల్డెన్ స్టేట్. జట్ల జీతాల మీద లీగ్ విధించిన పరిమితులు కఠినమయ్యాక, గెలిచిన జట్టును చెదరకుండా కాపాడుకోవడమే పెద్ద పనైపోయింది. ఓక్లహోమా ఆ పని చేయగలిగింది. షే గిల్జస్-అలెగ్జాండర్, జేలెన్ విలియమ్స్, చెట్ హోమ్‌గ్రెన్ ముగ్గురూ కొత్త ఒప్పందాలకు అంగీకరించారు, ముగ్గురూ చిన్నవాళ్లే. అందుకే నా మొదటి ఓటు ఆ జట్టుకే.

వెస్ట్‌లో దానికి గట్టి పోటీ ఇవ్వగలిగేది డెన్వరే అనుకుంటున్నాను. యోకిచ్ విశ్రాంతి తీసుకునే నిమిషాల్లో ఆ జట్టు చతికిలబడేది; మరో సెంటర్ యోనాస్ వాలంచ్యూనస్ రాకతో ఆ వెలితి కొంతైనా తీరవచ్చు. కెవిన్ డ్యురాంట్‌ను తెచ్చుకున్న హ్యూస్టన్ గురించి అభిమానులు ఎక్కువగా మాట్లాడుకుంటున్నారు కానీ, నాకు అంత నమ్మకం కలగడం లేదు. 2025 మొదటి రౌండ్‌లో గోల్డెన్ స్టేట్‌తో ఆడిన ఏడు మ్యాచ్‌ల్లో ఆ జట్టు పాయింట్ల కోసం ఎంత పాట్లు పడిందో చూసిన కళ్లకు, ఒక్క షూటర్ రాకతోనే అంతా మారిపోతుందనిపించడం లేదు.

ఈస్ట్‌ను తారుమారు చేసింది గాయాలే. బోస్టన్ జేసన్ టేటమ్, మిల్వాకీ డేమియన్ లిలార్డ్, ఇండియానా టైరీస్ హాలిబర్టన్, ముగ్గురికీ 2025 ప్లేఆఫ్స్‌లోనే మడమ వెనక ఉండే అకిలీజ్ స్నాయువు తెగింది. (ముగ్గురి జెర్సీ నంబరూ సున్నాయే కావడం చూసి మూఢనమ్మకాలు లేనివాళ్లు కూడా ఒక్క క్షణం ఆగిపోయి ఉంటారు.) హాలిబర్టన్‌కు అది ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో, మొదటి క్వార్టర్‌లోనే జరిగింది. ఫైనల్స్ మొదటి మ్యాచ్‌ను 0.3 సెకన్లు మిగిలి ఉండగా వేసిన బుట్టతో గెలిపించిన ఆటగాడతను; ఆ మ్యాచ్ మొత్తంలో ఇండియానా ఆధిక్యంలో ఉన్నది ఆ చివరి క్షణంలోనే. అతను కోర్టులో ఉండి ఉంటే ఏడో మ్యాచ్ 103-91తో ముగిసేదా అన్నది అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకునే విషయం. అకిలీజ్ గాయం నుంచి కోలుకోవడానికి సాధారణంగా ఏడాది దాకా పడుతుంది కాబట్టి ఆ మూడు జట్లనూ పక్కన పెడుతున్నాను. మిగిలినవాటిలో 2000 తర్వాత మొదటిసారి కాన్ఫరెన్స్ ఫైనల్స్ ఆడిన న్యూయార్క్, నన్ను ఒకసారి ముంచిన క్లీవ్‌ల్యాండ్ ముందు వరుసలో ఉన్నాయి. న్యూయార్క్ తరఫున పాయింట్లు కురిపించే జేలెన్ బ్రన్సన్, కార్ల్-ఆంథొనీ టౌన్స్ ఇద్దరూ డిఫెన్స్‌లో ప్రత్యర్థులకు దొరికిపోతారు. క్లీవ్‌ల్యాండ్ ఇద్దరు గార్డ్‌లూ పొట్టివాళ్లే. పైన నేను చెప్పిన కొలత ప్రకారం రెండింటికీ మార్కులు తగ్గించాల్సిందే. అయినా ఈస్ట్ నుంచి ఎవరో ఒకరు రావాలి కదా. ఆ జట్టు గార్డ్ డానవన్ మిచెల్ మీది అభిమానం కొద్దీ మళ్లీ క్లీవ్‌ల్యాండ్ పేరే రాస్తున్నాను. ఫైనల్స్‌లో ఓక్లహోమా, ఆరు మ్యాచ్‌ల్లో.