రాజీనామా ఇచ్చి వెళ్లిపోతాడట, సంతకం పెట్టమంటారా?

ఉత్తరం: మాది రాజోలు దగ్గర లంక గ్రామం. ఆయన పోయాక పిల్లను మా తమ్ముడింట్లో వదిలి, ఆరేళ్లుగా మస్కట్‌లో ఒక ఇంట్లో పని చేస్తున్నాను. అమ్మాయికి మొన్న శ్రావణంలో 19 నిండాయి. డిగ్రీ రెండో సంవత్సరం. కబడ్డీలో కుడి కార్నర్ ఆడుతుంది, యూనివర్సిటీ టీముకి కూడా వెళ్లింది. ఇంటర్ నుంచీ అదే కాలేజీ, ఆటలు నేర్పే అదే పీడీ సార్. ఇంటర్ రెండో ఏడు దీపావళికి షూ కొనిచ్చాడు, ఫీజు కట్టాడు. దేవుడిలాంటివాడు అనుకున్నాం. కార్తీకంలో కాకినాడ టోర్నమెంటుకి వెళ్లి, మిగతా పిల్లలు బస్సెక్కేశాక వీళ్లిద్దరూ ఒకరోజు ఆగిపోయారు. ఆయనకి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. తమ్ముడు ఫోను లాక్కుని చూస్తే, షూ కొన్నప్పటి నుంచే అర్ధరాత్రి మెసేజ్‌లున్నాయి. ప్రిన్సిపాల్‌గారు పిలిచి, సార్ రాజీనామా ఇచ్చేస్తారు, మీరు టీసీ తీసుకుని ఏ ఫిర్యాదూ లేదని కాగితం రాసివ్వండి అన్నారు. పెద్దలు రెండు లక్షలు ఇప్పిస్తామంటున్నారు. తమ్ముడు మాఘంలో పెళ్లి చేసేద్దామంటాడు. పిల్లేమో ఆయన తప్పేం లేదు, ఆయనకేమైనా అయితే నేను బతకను అంటోంది. ఫిర్యాదు చేస్తే ఆయనకేమవుతుంది? అసలు చేయొచ్చా? నేను ఇక్కడుండబట్టే ఇదంతా జరిగింది.

జవాబు:

అమ్మా, ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మీ తమ్ముడినీ పెట్టనివ్వకండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం, ఇది మాత్రం ఈ పూటే ఆయనకి ఫోన్ చేసి చెప్పండి.

రెండో ఫోను మీ మరదలికి. "బతకను" అన్న మాటని బెదిరింపు కింద కొట్టిపారేయకండి. కొన్నాళ్లు ఆ పిల్ల ఒంటరిగా పడుకోకూడదు. పొలానికి తెచ్చిన పురుగు మందు ఇంట్లో ఉంటే బయటికి పంపేయమనండి. 14416 టెలి మానస్ నంబరు, మనసు బాగోలేనివాళ్లకి ప్రభుత్వం పెట్టిన సాయం. పగలైనా రాత్రయినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మీ అమ్మాయి మాట్లాడనంటే ముందు మీ మరదలే మాట్లాడొచ్చు. చేయి దాటుతోందనిపిస్తే 112కి చేయాలి, లేదా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక మీ ఉత్తరంలో మీరు గమనించకుండా రాసిన ఒక లెక్క ఉంది. మొన్న శ్రావణానికి 19 నిండితే, ఇంటర్ రెండో ఏడు దీపావళికి ఆ పిల్లకి 17. అర్ధరాత్రి మెసేజ్‌లు అప్పుడే మొదలయ్యాయని మీరే రాశారు. 18 నిండని పిల్లల మీద జరిగే లైంగిక నేరాలకి 2012 నాటి పోక్సో చట్టం ఉంది. అందులో పిల్ల ఇష్టానికి విలువ లేదు. చెడు ఉద్దేశంతో ఫోనులో పదేపదే వెంటపడినా నేరమే, 3 ఏళ్ల దాకా జైలు. అంతకంటే ముందుకెళ్లి ఉంటే, విద్యాసంస్థలో పనిచేసేవాడు కాబట్టి శిక్ష ఇంకా పెద్దది. ఆ మెసేజ్‌ల వెనక ఉద్దేశమేమిటో తేల్చాల్సింది పోలీసులు, కోర్టు. మీరూ నేనూ కాదు. కానీ అలాంటి నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకుండా ఉండటం కూడా ఆ చట్టం ప్రకారం నేరమే. మామూలు మనిషికి 6 నెలల దాకా, తన కింద పనిచేసేవాడి సంగతి దాచిన సంస్థ పెద్దకి ఏడాది దాకా శిక్ష. ప్రిన్సిపాల్‌గారు మీ చేత రాయించుకోబోయే కాగితం ఆయన్నే ఇరికిస్తుందని ఆయనకి తెలిసినట్టు లేదు. ఈ ఉత్తరం చదివాక నేనూ అదే వరసలో నిలబడ్డాను. అందుకే దాపరికం లేకుండా చెబుతున్నాను. ఈ ముక్క పోలీసులకు చేరాలి. మీ వాళ్లు వెళ్లకపోతే నేను చెప్పాల్సి ఉంటుంది, చెప్పే ముందు మీకు ఫోన్ చేస్తాను. ఏ స్టేషన్‌కి వెళ్లినా తీసుకోవాలి, మా పరిధి కాదని తిప్పి పంపకూడదు.

ఆ ఫోను మీ తమ్ముడి దగ్గరుందన్నారు. ఏదీ చెరపవద్దని, ఎవరికీ పంపవద్దని చెప్పండి. స్విచాఫ్ చేసి బీరువాలో పెట్టి తాళం వేస్తే చాలు. పిల్లకి వేరే చిన్న ఫోను కొనివ్వండి. ఫోను లేని ఆడపిల్ల ఏ సాయమూ అడగలేదు.

18 దాటాక జరిగిన సంగతి వేరు, దాని గురించి నిజమే చెప్పాలి. మేజరైన అమ్మాయి ఇష్టపడితే అది దానంతటది నేరం అయిపోదు. ఊళ్లో పెద్దలు మీకు చెబుతున్నది ఆ సగమే. మిగతా సగం గ్రౌండులో కనబడుతుంది. సాయంత్రం నాలుగున్నరకి డిగ్రీ కాలేజీ గ్రౌండుకి వెళ్లి చూడండి. కోర్టు తడిపి, సున్నం గీసి, పిల్లలు వరసగా బరువు చూసే మిషను ఎక్కుతుంటారు. పక్కన పీడీ సార్ పుస్తకం పట్టుకుని నిలబడతాడు. అర కేజీ పెరిగితే రాత్రి ఏం తిన్నావని అడుగుతాడు. మోకాలు నొప్పంటే చేత్తో నొక్కి చూసేది ఆయనే. పన్నెండు మంది లిస్టు రాసేది ఆయనే, ఆ పన్నెండులో ఏడుగురు ఎవరో చెప్పేదీ ఆయనే. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని ఆశపడే పిల్లకి ఆ పుస్తకమే జాతకం. ఆ పుస్తకం పట్టుకున్న మనిషికి ఆ పిల్ల "ఊ" అంటే, అందులో ఇష్టం ఎంత, భయం ఎంత, రుణం తీర్చుకోవాలన్న ఆరాటం ఎంత అన్నది ఆమెకే తెలియదు. మీరు రాసిన షూ సంగతి చదివినప్పుడు నాకు గుండె చివుక్కుమన్నది అందుకే.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. అమెరికాలో కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ 2012లో తన కాలేజీలకి ఒక మార్గదర్శి ఇచ్చింది. ఆటగాళ్లు ఒప్పుకున్నా సరే, కోచ్‌తో అలాంటి సంబంధాన్ని కాలేజీ నిషేధించాలన్నదే అందులో సారాంశం. మన దగ్గర భారతీయ న్యాయ సంహితలో 68వ సెక్షన్ ఉంది. అధికారంలో ఉన్నవాడు ఆ హోదాని వాడుకుని తన కింద ఉన్న స్త్రీని లొంగదీసుకుంటే 5 నుంచి 10 ఏళ్ల కఠిన శిక్ష. భార్యకి విడాకులిచ్చి నిన్ను చేసుకుంటానని ఉత్తుత్తి మాట చెప్పి ఉంటే దానికి 69 వేరే ఉంది. ఇవి నిలుస్తాయా లేదా అన్నది మీ అమ్మాయి ఏం చెబుతుందన్న దాని మీద ఉంటుంది. ఆమె నోట్లో మాటలు పెట్టి కేసు నడపాలనుకోవడం తప్పు, అది నిలవదు కూడా.

జైలు సంగతి అలా ఉంచి, కాలేజీ నుంచి ఆయనకి ఏమవ్వాలన్నది చూద్దాం. దీనికి పోలీసు కేసు దాకా ఆగక్కర్లేదు. ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం, ఆ తర్వాత కాలేజీలకి యూజీసీ పెట్టిన నిబంధనలు రెండూ అదే చెబుతాయి. అధ్యక్షురాలు మహిళే అయి ఉండాలి, బయటి సభ్యులొకరు ఉండాలి, విద్యార్థుల వ్యవహారమైతే విద్యార్థి ప్రతినిధులు కూడా కూర్చోవాలి. ఆట స్థలం, టోర్నమెంటు జరిగే చోటు కూడా 2013 చట్టం కిందికే వస్తాయి, కాబట్టి "కాకినాడలో జరిగింది మాకు సంబంధం లేదు" అంటే కుదరదు. 90 రోజుల్లో విచారణ ముగించాలి. తప్పు తేలితే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య, ఉద్యోగం ఊడేదాకా. ఈలోగా ఆ పీడీ ఆ పిల్ల ఆటకి గానీ మార్కులకి గానీ దగ్గర్లో ఉండకూడదని ఆదేశం అడగొచ్చు. అయితే చివరి సంఘటన జరిగిన 3 నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణముంటే ఇంకో 3 నెలలు పొడిగిస్తారు. కార్తీకం నుంచి లెక్కేసుకోండి, పెద్దలు ఊరికే "చూద్దాం, చూద్దాం" అనడం లేదు.

ఆ రెండు లక్షల సంగతి. కమిటీ ముందు రాజీ కావాలంటే బాధితురాలే అడగాలి, అదీ విచారణ మొదలవకముందే. డబ్బు మీద రాజీ కుదర్చకూడదని చట్టంలోనే రాసి ఉంది. చెరువు గట్టు మీద కూర్చుని ధర కట్టే హక్కు ఎవరికీ లేదు.

మరి ఆయన రాజీనామా ఇస్తున్నాడుగా, అదే శిక్ష కదా అంటారు. నాకు మండేది ఇక్కడే. రాజీనామా ఇచ్చినవాడికి రిలీవింగ్ లెటర్ ఇస్తారు. అందులో "స్వకారణాల వల్ల" అని ఉంటుంది, "ప్రవర్తన సంతృప్తికరం" అని కూడా ఉంటుంది. వచ్చే జూన్‌లో పాలకొల్లులోనో తణుకులోనో ఇంకో కాలేజీ గ్రౌండులో అదే విజిల్, అదే పుస్తకం, కొత్త పన్నెండు మంది. మీ పిల్లకి మాత్రం రెండో ఏడు మధ్యలో టీసీ, ఆగిపోయిన ఆట, మాఘంలో పెళ్లి. ఇద్దరూ కాలేజీ వదిలినట్టే కనబడుతుంది గానీ, శిక్ష పడింది ఒక్కరికే. 2022లో స్లోవేనియా శిక్షణకి వెళ్లిన మన దేశపు సైక్లిస్టు ఒకామె తన కోచ్ మీద ఫిర్యాదు చేస్తే, స్పోర్ట్స్ అథారిటీ ఆమెని వెనక్కి రప్పించి, విచారణ వేసి, ఆ కోచ్ కాంట్రాక్టు రద్దు చేసింది. మహిళా క్రీడాకారులు వెళ్లే టోర్నీలకి మహిళా కోచ్ వెంట ఉండాలని కూడా అప్పుడే చెప్పింది. కాకినాడకి మీ పిల్లల వెంట ఒక్క మేడమైనా వెళ్లిందా? కమిటీ అడగాల్సిన మొదటి ప్రశ్న అది. అందుకని ఫిర్యాదులో ఒక వాక్యం తప్పక రాయించండి: ఆయన రాజీనామా ఇచ్చినా విచారణ ఆపవద్దు, ముగిసేదాకా రిలీవింగ్ లెటర్ ఇవ్వవద్దు. టీసీ మాత్రం అడగకండి. ఆ పిల్ల అదే కాలేజీలో చదువుతుంది, పరీక్షలు రాస్తుంది.

"ఆయన భార్యాపిల్లలు ఏమైపోతారు" అని మిమ్మల్ని అడిగేవాళ్లుంటారు. ఆ ప్రశ్న కాకినాడలో గది తీసుకున్నప్పుడు ఆయన వేసుకోవాల్సింది.

మీ తమ్ముడితో ఒక మాట. మీకన్నా ఆయనకే కోపం ఎక్కువుంది, అర్థం చేసుకోగలను. నలుగురిని వెంటేసుకుని వెళ్లి కొడితే మర్నాటికి ముద్దాయి ఆయనవుతాడు, పీడీ బాధితుడవుతాడు. పెళ్లి సంగతి కూడా ఆయనే ఆపాలి. భయంతో పెట్టిన ముహూర్తానికి మంచి సంబంధాలు రావు, వచ్చినా ఆ పిల్ల దాన్ని జైలనే అనుకుంటుంది.

"నేను ఇక్కడుండబట్టే" అన్నారు. కోనసీమలో ఎంతమంది తల్లులు మస్కట్, కువైట్‌లలో ఉండి పిల్లల్ని చదివించుకుంటున్నారో మీకే తెలుసు. ఆ మనిషి మీరు లేకపోవడాన్ని లెక్కలోకి తీసుకున్నాడు, నిజమే. తండ్రి లేడు, తల్లి దూరం, అడిగితే కాదనలేని మేనమామ ఇల్లు. అలాంటి పిల్లని ఎంచుకున్నాడు. ఎంచుకున్నవాడిది తప్పు. మీ యజమానులు సెలవిస్తే రండి, ఇవ్వకపోతే మీ మరదలు కమిటీకి తోడు వెళ్లొచ్చు. జిల్లాలో ఆపదలో ఉన్న ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రం ఉంటుంది, 181కి చేస్తే దారి చెబుతారు.

ఇక అసలు కష్టం మీ అమ్మాయితో. ఇప్పుడామె దృష్టిలో మనమందరం ఒకవైపు, ఆయన ఒక్కడే ఆమెవైపు. మీరు ఆయన్ని తిట్టిన కొద్దీ ఆమె ఆయన వకీలవుతుంది. శుక్రవారం మీకు సెలవు కదా, అక్కడ ఎనిమిదైతే ఇక్కడ తొమ్మిదిన్నర, అన్నాలయ్యాక వీడియో కాల్ చేయండి. మొదటి కాల్‌లో ఆయన పేరెత్తకండి. మోకాలు ఎలా ఉందో అడగండి. ఏ మ్యాచ్‌లో ఎవర్ని పట్టిందో అడగండి. కుడి కార్నర్ అంటే రైడర్ కూత ఆగేదాకా మడమ వదలకుండా పట్టుకునే పిల్ల, ఆమె దగ్గర చెప్పడానికి చాలా ఉంటుంది. రెండో వారమో మూడో వారమో తనే అంటుంది, "అమ్మా, సార్ మంచోడే కదా" అని. అప్పుడు అవునని అనకండి, కాదని కూడా అనకండి. "షూ కొనిచ్చినప్పుడు నీకేమనిపించింది?" అని ఒక్కటి అడిగి, ఆమె చెప్పినంతసేపూ వినండి.

ఆ కాగితం ఫొటో తీసి పంపమని మీ తమ్ముడికి చెప్పండి. ఎవరెవరి సంతకాలకి ఖాళీలు వదిలారో చూడాలి.