లోహాలతో కలుషితమైన మట్టిని మొక్కలు నిజంగా శుభ్రం చేస్తాయా?

చేస్తాయి, కానీ అన్ని లోహాలనూ కాదు, ఒక్క సీజన్‌లో అసలే కాదు.

లోహం మూలకం. సూక్ష్మజీవులు పురుగుమందును విరగ్గొట్టినట్టు దాన్ని విరగ్గొట్టలేవు. మట్టిని తవ్వి తీసేయకూడదంటే ముఖ్యంగా రెండు దారులున్నాయి: మొక్కల్లోకి లాగి కోసి బయటికి తరలించడం, లేదా ఉన్నచోటే కదలకుండా కట్టేయడం.

మొదటిదానికి మంచి ఉదాహరణ చైనీస్ బ్రేక్ ఫెర్న్. ఈ మొక్క ఆర్సెనిక్‌ను వేళ్ల దగ్గర ఆపదు, ఆకుల్లోకి ఎక్కించేస్తుంది. కిలో ఎండు ఆకులో కొన్ని గ్రాముల దాకా చేరుతుంది! ఈ సంగతి 2001లో వెలుగులోకి వచ్చింది. ఆ ఆకుల్ని ఏళ్ల తరబడి కోస్తూ పోవాలి. కోసినవాటిని ఎరువుగా మళ్లీ అదే నేలలో వేస్తే పడ్డ శ్రమంతా వృథా.

సీసం అలా పైకి రాదు, చాలావరకు వేళ్ల దగ్గరే చిక్కుకుంటుంది. దానికి రెండో దారే మేలు. ఫాస్ఫేట్ వేస్తే సీసం దాంతో కలిసి నీళ్లలో దాదాపు కరగని ఖనిజంగా మారుతుంది. ఆమ్ల నేలలో సున్నం వేస్తే కాడ్మియం, జింక్ కరగడం తగ్గుతుంది. అయితే ఇదే ఫాస్ఫేట్ ఆర్సెనిక్‌ను మట్టి రేణువుల నుంచి విడిపించి నీళ్లలోకి వదులుతుంది. అందుకే ముందు మట్టి పరీక్ష, తర్వాతే మందు.

చాలామంది పొరబడేది ఇక్కడే: సున్నం, కంపోస్టు వేశాం కాబట్టి లోహం పోయిందనుకుంటారు. పోలేదు, మొత్తం అంతే ఉంది. నేల మళ్లీ ఆమ్లంగా మారితే కాడ్మియం మళ్లీ కరుగుతుంది.